ఎండిన వంకకు వరద ఎట్లా వస్తుంది?



ఏడాదిలో పదకొండు నెలలు ఇసుక తప్ప మరేమీ కనిపించని వంకలు మన రాయలసీమలోనూ, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లోనూ ఊరికి ఒకటో రెండో ఉన్నాయి. వాటిలో గొర్రెలు పడుకుంటాయి, పిల్లలు ఆడుకుంటారు, కొన్నిచోట్ల బండిబాట కూడా వంకలోనే. అలాంటి వంక ఒక రాత్రివేళ మనిషెత్తు నీళ్లతో వచ్చి, తెల్లవారేసరికి మళ్లీ మోకాటిలోతుకు దిగిపోతుంది. ఈ మధ్యలో చేను పోతుంది, మోటారు పోతుంది, గొడ్డూ గోదా పోతాయి, ఒక్కొక్కసారి మనుషులే పోతారు. “మా ఊళ్లో చినుకు పడలేదు, ఇన్ని నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో” అని జనం ఆశ్చర్యపోవడం వింటూనే ఉంటాము. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో, అంత తొందరగా ఎట్లా వచ్చాయో, ఇందులో మన చేతిలో ఉన్నదెంతో, లేనిదెంతో ఇవాళ చెప్పుకొందాము.

వంకలోని నీళ్లు వంకలో పుట్టవు. చేలల్లో, బీళ్లలో, గుట్టల మీద పుడతాయి. పెంకుటింటి నడికొప్పు మీద పడిన చినుకుల్లో కొన్ని వీధివైపు జారతాయి, కొన్ని పెరటివైపు జారతాయి. భూమి కూడా అంతే. ఎక్కడో ఒక మిట్ట ఉంటుంది. దానికి ఇవతల పడిన వాన మీ వంకకు వస్తుంది, అవతల పడినది పొరుగూరి వంకకు పోతుంది. అట్లా ఒక వంకకు నీళ్లందించే నేల మొత్తాన్ని ఆ వంక పరీవాహక ప్రాంతం అంటారు. వాటర్‌షెడ్ పనులు జరిగిన ఊళ్లలో ఈ సంగతి అందరికీ తెలిసినదే. అయితే తెలియడం వేరు, నడిచి చూడడం వేరు. మన మెట్ట నేలలు చూపుకు చదునుగా ఉంటాయి గనుక నీళ్లు చీలే మిట్ట ఏదో కంటికి ఆనదు. వాన పడుతుండగా గొడుగు పట్టుకొని పొలానికి పోయి నిలబడితే అరగంటలో తెలిసిపోతుంది. ఈ మిట్టకు, రెవెన్యూ గ్రామ సరిహద్దుకు ఏమీ సంబంధం లేదు. మీ వంకకు నీళ్లిచ్చే నేలలో సగం పక్క మండలంలో ఉండవచ్చు. మీ ఊళ్లో చినుకు పడకుండా వరద రావడానికి కారణం ఇదే.

ఇక వాన సంగతి. ఎంత కురిసిందని అడుగుతాము గాని, ఎంతసేపట్లో కురిసిందని అడగము. వరద విషయంలో రెండో ప్రశ్నే ముఖ్యము. అదెలాగంటే, మీ చేను గంటకు 15 మిల్లీమీటర్ల నీటిని తాగగలదనుకోండి. 60 మిల్లీమీటర్ల వాన పన్నెండు గంటలపాటు నింపాదిగా కురిస్తే గంటకు 5 మిల్లీమీటర్లే గదా, భూమి అంతా తాగేస్తుంది. వంకలో చెప్పులు కూడా తడవవు. అదే 60 మిల్లీమీటర్లు ఒక్క గంటలో దబదబా కురిస్తే, భూమి 15 తాగి తక్కిన 45 మిల్లీమీటర్లను వదిలేస్తుంది. మరునాటి లెక్కలో మాత్రం రెండు వానలూ 60 మిల్లీమీటర్లే. ఇప్పుడు మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వర్షమాపకాలు గంటగంటకూ లెక్క చెబుతున్నాయి. విస్తరణ కార్యకర్తలు రోజు మొత్తం అంకె ఒక్కటే రాసుకొని ఊరుకోక, ఏ గంటలో ఎంత పడిందో కూడా రాసుకొంటే మంచిది.

నేల కూడా ఎప్పుడూ ఒక్కలాగే తాగదు. మన ఎర్ర నేలల్లో లావుపాటి చినుకులు పడ్డప్పుడు మెత్తని మట్టి చెదిరి, సందులు పూడి, పైన పలచని పొర కడుతుంది. వేరుశనగ విత్తిన తరువాత పెద్దవాన పడితే మొలక పైకి రాలేక కష్టపడడం మీరెరుగుదురు. మొలకను రానివ్వని ఆ పొరే నీటిని కూడా లోపలికి పోనివ్వదు. నల్లరేగడి తీరు వేరు. వేసవిలో చెయ్యి దూరేటంత పగుళ్లుంటాయి, తొలివాన ఎంత పడినా వాటిలోకి దిగిపోతుంది. రెండు మూడు వానలు పడి పగుళ్లు మూసుకొన్న తరువాత అదే నేల మైనం పూసిన గుడ్డలాగా తయారవుతుంది. కనుకనే జూన్ నెలలో పడిన పెద్దవానకు పారని వంక, సెప్టెంబరు అక్టోబరుల్లో అంతకన్న చిన్నవానకే పొర్లుతుంది. ముందువారం ముసురు పట్టి నేల నానివుందా లేదా అన్నది వరదకు సగం జవాబు.

ఇప్పుడొక లెక్క చెబుతాను. ఒక ఎకరం మీద ఒక అంగుళం వాన పడితే అది సుమారు లక్ష లీటర్ల నీళ్లు. మీ వంక పరీవాహక ప్రాంతం 500 ఎకరాలనుకొందాము, పెద్దదేమీ కాదు. పైన చెప్పిన 45 మిల్లీమీటర్లు అంతమేరా జారితే తొమ్మిది కోట్ల లీటర్లకు పైమాట. అది రెండు గంటల్లో ఒక కల్వర్టు కింద నుంచి పోవాలంటే సెకనుకు పన్నెండువేల అయిదువందల లీటర్లు పోవాలి. ఊళ్లకు నీళ్లు తోలే అయిదువేల లీటర్ల ట్రాక్టరు ట్యాంకరు మీరు చూసే ఉంటారు. సెకనుకు అలాంటివి రెండున్నర, ఒకదాని వెనుక ఒకటి, రెండు గంటలసేపు! మన చిన్న కల్వర్టుల్లో వేసిన రెండు సిమెంటు పైపులు ఎదురుగా పెట్టుకొని ఈ అంకెను తలచుకోండి.

చిన్నవంకలే ఎకరానికి ఎక్కువ వరద ఇస్తాయన్న సంగతి చాలామందికి వింతగా తోస్తుంది. 1884లో రైవ్స్ అనే ఇంజనీరు దక్షిణదేశపు చెరువుల కోసం ఒక సూత్రం కట్టాడు. ఇప్పటికీ చిన్న వంతెనలకు, మరవలకు దానిని వాడుతున్నారు. దాని సారాంశమేమంటే, పరీవాహక ప్రాంతం ఎనిమిది రెట్లు పెరిగితే గరిష్ఠ వరద నాలుగు రెట్లే పెరుగుతుంది. ఇరవైఏడు రెట్లు పెరిగితే తొమ్మిది రెట్లే. అంటే ఎకరం లెక్కన చూస్తే పెద్ద ఏటికన్న చిన్నవంకే బలంగా కొడుతుంది. కారణం తేలికే. ఉరుములతో వచ్చే మన సాయంత్రపు మేఘం నాలుగైదు మైళ్ల మేర కప్పుతుందనుకొంటే, చిన్నవంక నేల మొత్తం దాని కిందికే వస్తుంది. అన్ని మూలల నీళ్లూ ఇంచుమించు ఒకేసారి చేరతాయి. పెద్ద ఏటికి ఒక పక్క కురుస్తుంటే ఇంకో పక్క ఎండ కాస్తుంటుంది. కురిసిన నీళ్లూ ఒకటి ఇవాళ, ఒకటి రేపు చేరతాయి. కృష్ణా, తుంగభద్రలకు వరద వస్తుంటే ముందే కబురు అందుతుంది. వంకకు అంత వ్యవధి ఉండదు, గంటా రెండు గంటలే.

ఎండిన వంకకు మరొక గుణం ఉంది. దానిలోని ఇసుక దాహం గొన్నట్లుగా నీళ్లు తాగుతుంది. ఓ మోస్తరు వరద పైన బయలుదేరినా, మైలు మైలుకూ ఇసుకలో ఇంకిపోతూ మీ ఊరు చేరకముందే ఆగిపోవచ్చు. ఇది మేలే. వంకకు ఇరుపక్కలా ఉన్న బావులకు, బోర్లకు ఊట అక్కడి నుంచే. అయితే కీడు కూడా ఇందులోనే ఉంది. చిన్న వరదలు కిందికి రావు గనుక, కింది ఊరివారికి అయిదేళ్లో పదేళ్లో వంక పారిన గుర్తే ఉండదు. నేను పనిచేసే మండలంలో ఒక పెద్దాయన వంకలోనే టమాట వేశాడు. “ఎందుకు పెద్దనాయనా, వంకగదా ఇది?” అంటే, “వంకెక్కడిది సార్, ఇది మా నాయన కాలంలో పారింది, ఇప్పుడు చచ్చిపాయె” అన్నాడు. ఆయన మాటలో తప్పులేదు, ఆయన చూసినంతవరకు అది నిజమే. కాని వంక చావదు. ఇసుకకు దాహం తీరేటంత వరద పైనుంచి వచ్చిననాడు పాతదారి వెతుక్కొంటుంది.

అట్లా వచ్చే వరద నింపాదిగా పెరగదు. ముందు వచ్చే నీటిని ఇసుక లాగేస్తుంటుంది, ఆ భాగం నెమ్మదిస్తుంది. వెనుక వచ్చే నీటికి తడిసిన దారి దొరుకుతుంది గనుక అది తొందరగా వచ్చి ముందుదానిని అందుకొంటుంది. ఈ విధంగా వరద మొగం నిటారుగా తయారై, కంప, చెత్త, మట్టి అన్నీ ముందుకు తోసుకొంటూ గోడలాగా వస్తుంది. “హోరు వినిపించింది, చూసేసరికి నడుములోతు” అని చెప్పేవారు గొప్పలు చెప్పడం లేదు. నీటివేగం రెండింతలైతే అది దొర్లించగల రాయి బరువు అరవైనాలుగు రెట్లవుతుంది. గుండ్లు కొట్టుకువచ్చి వంతెన కాళ్లకు తగలడం అందుకనే.

పాతదారి వెతుక్కోవడం అన్నాను. దీనికి అనంతపురం పండమేరు కన్న వేరే ఉదాహరణ అక్కరలేదు. పండమేరు పేరుకు ఏరే గాని, ఏడాదిలో ఎక్కువకాలం ఎండి ఉండేదే. ఆ ప్రాంతపు సాలుసరి వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు, కరువుకు పెట్టింది పేరు. అటువంటి చోట 2022 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం పక్కనున్న కాలనీలు నీట మునిగాయి. 2024 అక్టోబరులో ఎగువన కనగానపల్లి వైపు కురిసిన కుంభవృష్టికి అక్కడి చెరువుకట్ట తెగడంతో మళ్లీ మునిగాయి. రెండేళ్లలో రెండుసార్లు. ఇళ్లలో నడుములోతు నీళ్లు వచ్చినవారు ఏటిని తిట్టుకొన్నారు. ఏరు మాత్రం కొత్తచోటికి ఏమీ రాలేదు. వరదనాడు తాను పరచుకొనే పల్లంలోనే పరచుకొంది. ఆ పల్లం ప్లాట్లయింది, అంతే తేడా. పల్లెల్లో ప్లాట్లు లేకపోయినా, వంక పోరంబోకును అటు రెండు సాళ్లు ఇటు రెండు సాళ్లు కలుపుకొంటూ రావడం, జేసీబీ పెట్టి గట్టు చదును చేయడం అంతటా జరుగుతున్నదే. ఇరవై గజాల వంక ఆరుగజాలైతే, వచ్చే నీళ్లు తగ్గవు గదా. లోతూ వేగమూ పెరిగి, ఆరుగజాలకు తగ్గించినవాడి చేనుతోపాటు, ఏ పాపమూ ఎరగని కిందివాడి చేనును కూడా కోసుకొనిపోతాయి.

ఇక్కడ చెరువుల గొడవ కూడా చెప్పాలి. మన చెరువులు ఒక్కొక్కటి విడిగా లేవు. పై చెరువు నిండి మరవ పారితే ఆ నీళ్లు కింది చెరువుకు, దాని మరవనీళ్లు ఆ కిందిదానికి చేరేటట్లు పెద్దలు గొలుసుగా కట్టారు. చిన్న వరదలకు ఈ గొలుసు మంచి కాపుదల. ఒక్కొక్క చెరువూ కొంత నీటిని పట్టి ఉంచి, తక్కినది నెమ్మదిగా వదులుతుంది. కాని గొలుసులో పైకొన తెగితే కాపుదలే ముప్పవుతుంది. వాననీళ్లు ఎంత లేదన్నా గంటల తరబడి వస్తాయి. తెగిన చెరువులో నీళ్లు అంతా ఒక్క పెట్టున వస్తాయి. వాటిని ఆపుకోలేక రెండోది, రెండింటి నీళ్లకు మూడోది తెగుతాయి.

హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28న మూసీనది చేసిన విధ్వంసం పేరు విననివారుండరు. శంషాబాదులో ఇరవైనాలుగు గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. ఆ మరుసటి ఏడాది విశ్వేశ్వరయ్యగారు వచ్చి లెక్క తీస్తే, నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నట్లు, అంటే ఇంచుమించు చదరపు మైలుకు ఒకటి, వాటిలో 221 ఆ వానకు తెగినట్లు తేలింది. నగరంలో నది గట్లు ఎత్తుచేసి ఊరుకొందామని ఆయన అనలేదు. నీటిని ఎగువనే పట్టి నెమ్మదిగా వదలాలన్నాడు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినది ఆ ఆలోచన ఫలితమే. ఇంత పెద్ద నది అక్కరలేదు, చిన్న వాగు కూడా చాలు. 2005 అక్టోబరు 29న అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర ఎగువ చెరువు తెగి వచ్చిన నీళ్లు చిన్న రైలువంతెనను కొట్టుకుపోగా, తెల్లవారుజామున వచ్చిన ప్యాసింజరు రైలు అందులో పడి నూరుమందికి పైగా చనిపోయారు.

చెరువుకు, దానికి నీళ్లిచ్చే నేలకు పొందిక ఉండాలన్నది మనవాళ్లకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించాడు. నేల విస్తారమై నీళ్లు స్వల్పం కావడం ఒక దోషం. నీళ్లు విస్తారమై చోటు స్వల్పం కావడం ఇంకొక దోషం. ఆరువందల యాభై ఏళ్లనాటి ఈ రెండో దోషాన్నే ఇప్పుడు మనం పనిగట్టుకొని తెచ్చుకొంటున్నాము. చెరువు కడుపులో పూడిక పేరుకొని చోటు తగ్గింది. ఎగువన నేల గట్టిపడి, ఇళ్లూ రోడ్లూ పడి జారే నీళ్లు పెరిగాయి.

అన్నిటికన్న ప్రమాదమైన అలవాటు ఒకటుంది, దాన్ని గురించి గట్టిగా చెబుతాను. చెరువు నిండుతున్నదనగానే ఇంకో అడుగు నీళ్లు నిలుస్తాయని మరవ మీద ఇసుక మూటలు పేరుస్తారు. తెలంగాణలో అలుగు అంటారు, అక్కడా ఇదే పని. ఒక అడుగు నీళ్లతో చివరి తడికి భరోసా ఉంటుందన్న ఆశ నాకూ అర్థమవుతుంది, ఆయకట్టు రైతుకు అది చిన్న విషయం కాదు. కాని లెక్క చూడండి. మరవ మీద మూడడుగుల లోతు నీళ్లు పారినా కట్టకు భయం లేకుండా ఉండేటట్లు కట్టారనుకోండి. ఒక అడుగు మూటలు వేస్తే, పారడానికి మిగిలింది రెండడుగులు. లోతు మూడోవంతు తగ్గితే పోయే నీళ్లు కూడా మూడోవంతే తగ్గుతాయనుకొంటాము. అట్లా కాదు. లోతుతోపాటు వేగం కూడా తగ్గుతుంది గనుక, పోగలిగే నీళ్లు ఇంచుమించు సగానికి పడిపోతాయి. తక్కిన సగం ఎటు పోవాలి? కట్ట మీదికి ఎక్కుతాయి. మట్టికట్ట మీద నుంచి నీళ్లు పొర్లడం మొదలైతే ఇక మనిషి చేయగలిగింది లేదు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోతే ముసలమ్మ ప్రాణం అర్పించిందన్న కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యంగా రాశారు. మరవను మరవలాగా ఉండనిస్తే ఏ ముసలమ్మా బలికానక్కరలేదు.

ఇక పైన చేలల్లో చేయగలిగినది. ఇందాకటి లెక్కనే తీసుకొందాము. 500 ఎకరాల నుంచి తొమ్మిది కోట్ల లీటర్లు జారుతున్నాయి. ప్రతి ఎకరం ఒక్క అంగుళం నీటిని మాత్రం ఆపుకొన్నా అయిదు కోట్లు అక్కడే నిలుస్తాయి. వరద సగానికి సగం తగ్గడమే కాదు, ఆ అంగుళం మీ వేరుశనగకో కందికో పదిరోజుల బెట్టను దాటిస్తుంది. ఇందుకు గొప్ప యంత్రాలు అక్కరలేదు. వాలుకు అడ్డంగా దున్నడం, అడ్డంగా విత్తడం, కొన్ని గజాలకొకటి లోతుసాలు తీయడం, మట్టివరస పోయకుండా సమానమట్టంలో గట్లు వేయడం, చేను మూల ఒక నీటికుంట తవ్వుకోవడం. ఇవన్నీ మీరు విన్నవే. విననిది, లేక విని కూడా చేయనిది ఒకటుంది. గట్టుకు కూడా ఒక చిన్న మరవ ఉండాలి. నీళ్లు పొర్లే చోట రెండు మూడడుగుల మేర గట్టు తగ్గించి రాళ్లు పేర్చాలి. అది లేని గట్టు పెద్దవానకు తెగుతుంది. పైగట్టు తెగితే కిందిగట్టు, దాని కిందిది, అచ్చం చెరువుల గొలుసు మాదిరే. గట్లు వేసిన చేలల్లో వేయకముందు లేని గండ్లు పడడం నేను చూశాను. గట్టు వేసిందే పాపమని రైతు దాన్ని దున్నేశాడు. తప్పు గట్టుది కాదు, దానికి దారి వదలకపోవడంలో ఉంది.

వంకలో పని ఎప్పుడూ పైనుంచి కిందికి రావాలి. చిన్న పిల్లవాగుల్లో రాళ్లకట్టలు ముందు, చెక్‌డ్యాము తరువాత. పైన ఏమీ చేయకుండా కింద చెక్‌డ్యాము కడితే రెండు మూడేళ్లకు ఇసుకా మట్టీ నిండి మెట్టులాగా మిగులుతుంది. ప్రారంభోత్సవంనాటి ఫోటో బాగానే ఉంటుంది, అది వేరే సంగతి. వంక నడుమ సర్కారు తుమ్మ పెరగనివ్వకూడదు. కొట్టుకువచ్చిన చెత్తంతా దానికి పట్టుకొని ఆనకట్ట అవుతుంది. అదే చెత్త కల్వర్టు పైపులకు అడ్డం పడితే రోడ్డే చెరువుకట్ట అయి, ఎగువ పొలాలు మునిగి, చివరకు రోడ్డు తెగుతుంది. మే నెలలో ఒకరోజు పదిమంది కలిసి కల్వర్టు తూములు శుభ్రం చేయడంకన్న చౌకైన వరద రక్షణ నాకు తెలియదు. గట్ల వెంబడి మాత్రం కానుగ, వెదురు, గడ్డి పెరగనివ్వండి, వాటి వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. వంకలో ఇసుక లోతుగా తీయనివ్వకండి. అడుగు దిగిపోయినకొద్దీ గట్లు కింద నుంచి కోసుకొని విరిగిపడతాయి, బావుల్లో ఊటా తగ్గుతుంది. ఇసుక తవ్వకాన్ని అదుపులో పెట్టే అధికారం 2002 నాటి వాల్టా చట్టంలో ఉంది, అడిగేవారుండాలి.

ఇంతా చేస్తే వరద రాదా అని అడిగితే, వస్తుందనే చెప్పాలి. రెండంగుళాల వానలో ఒక అంగుళం ఆపడం గొప్పపనే. కాని నానిన నేల మీద ఎనిమిదంగుళాల వాన ఒక్క రాత్రిలో పడితే, మీరు ఆపిన ఒక్క అంగుళం అందులో ఎనిమిదో వంతు. అటువంటి వాన ఎప్పుడో ఒకనాడు వస్తుంది. వచ్చే ఏడే రావచ్చు, వరుసగా రెండుసార్లూ రావచ్చు. పండమేరుకు వచ్చింది గదా. ఆనాడు పనికివచ్చేది గట్టూ కాదు, కుంటా కాదు, వంకకు వదిలిపెట్టిన వెడల్పు ఒక్కటే. వాటర్‌షెడ్ పనులు జరిగాయి గనుక ఇక వంక పోరంబోకు దున్నుకోవచ్చునని కొన్ని ఊళ్లలో అంటున్నారు. దీనికన్న తెలివితక్కువ లెక్క లేదు.

ఆ రాత్రికి కొన్ని జాగ్రత్తలు. ఎగువవైపు ఆకాశంలో గంటసేపటి నుంచి మెరుపులు ఆగకుండా ఉంటే, మీ ఊళ్లో నక్షత్రాలు కనిపిస్తున్నా సరే, వంకలో గొర్రెల మందను పడుకోబెట్టకండి. వంకగట్టున ఉన్న మోటారును, పైపులను పైకి చేర్చండి. పై ఊరిలో చెరువు కావలిదారు ఎవరో, ఆయన ఫోను నంబరు ఏదో కింది ఊళ్లవారి దగ్గర ముందే ఉండాలి. ఎన్ని పరికరాలొచ్చినా “మా చెరువు మరవ ఎక్కింది, కట్ట ఊరుతోంది” అన్న ఒక్క ఫోను గంట ముందు అందితే ప్రాణాలు దక్కుతాయి. వంక పారుతుండగా కాజ్‌వే మీద బండి దింపకండి. మోకాటిలోతు పరుగునీరు మనిషిని పడదోస్తుంది, రెండడుగుల నీరు కారును తేల్చుకుపోతుంది. వాన వెలిసింది గదా అని కూడా తొందరపడవద్దు, మీ దగ్గర వెలిసిన తరువాతే పైనీళ్లు చేరతాయి. ఒకటి రెండు గంటలు కూర్చుంటే చాలావరకు నీళ్లే దిగిపోతాయి.

విస్తరణ కార్యకర్తలకు ఒక పని అప్పగించి ముగిస్తాను. వేసవిలో ఒకనాడు పొద్దున్నే గ్రామపటం చేతబట్టుకొని, నలుగురు ముసలివాళ్లను, నలుగురు కుర్రవాళ్లను వెంటబెట్టుకొని, వంక పుట్టినచోటి నుంచి ఊరిదాకా నడవండి. పటంలో వంక వెడల్పెంత, నేలమీద ఇప్పుడెంత మిగిలింది కొలిచి రాసుకోండి. చెట్లకొమ్మల్లో ఇరుక్కొన్న ఎండుగడ్డి, చెత్త ఏ ఎత్తున ఉన్నాయో చూడండి, పాత వరద మట్టం అదే చెబుతుంది. గుర్తున్న పెద్దవరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ముసలివాళ్లను అడిగి, ఆ హద్దున రాళ్లు పాతించి, సున్నంతో ఏడాది వేయించండి. ఇల్లు కట్టుకొనేవాడు, బోరు వేసుకొనేవాడు, పశువుల కొట్టం వేసుకొనేవాడు ఆ రాళ్లకు ఎగువన వేసుకొంటాడు. రాళ్లకు దిగువన ఉన్న చేలల్లో కూరగాయలో పశుగ్రాసమో వేసుకోవచ్చు, పోయినా తట్టుకోగలిగే పంట ఏదైనా సరే. సున్నం ఏటా మే నెలలో ఒకసారి కొత్తగా వేయించాలి, రెండు వానలకే చెరిగిపోతుంది.